ఒంటి ఎక్స్ క్రోమోజోము రెండింటి పని చేస్తుందని ఎంజైములతో నిరూపించడం ఎట్లా

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా ఇక్కడ రాస్తాను, ఎందుకంటే అందులో రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. మీరు నల్లగొండలో ఎం.ఎస్సీ. జువాలజీ ప్రాజెక్టు కోసం డ్రోసోఫిలా మెలనోగాస్టర్ ఈగలను పెంచి, మూడో దశ లార్వాలలోనూ, ప్యూపాలలోనూ, ప్రౌఢ ఈగలలోనూ రెండు ఎంజైముల క్రియాశీలతను కొలిచారు. మొదటిది ఎక్స్ క్రోమోజోము మీది జన్యువు నుంచి వచ్చే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్. దీన్ని ఇకపై జీ6పీడీ అంటాను. రెండోది రెండో క్రోమోజోము మీది జన్యువు నుంచి వచ్చే ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్, అంటే ఏడీహెచ్. లార్వాలలో రెండు ఎంజైములూ మగవాటిలో, ఆడవాటిలో సమానంగా కనిపించాయి. ప్యూపాలో రెండూ బాగా పడిపోయాయి. ప్రౌఢ దశలో ఒక్కో ఈగకు లెక్కగడితే ఆడదానిలో ఎక్కువ వచ్చింది. దీని మీద మీరు, డోసేజ్ కాంపెన్సేషన్, అంటే మగదాని ఒంటి ఎక్స్ ఆడదాని రెండు ఎక్స్‌లంత పని చేయడం, లార్వాలో ఉండి, ప్యూపాలో తగ్గి, ప్రౌఢ దశలో ఆగిపోతుందని రాయవచ్చునా అని అడిగారు.

అట్లా రాయకూడదు. మీ కొలతలు తప్పని నేను అనడం లేదు. అవి చెప్పని మాటను వాటి చేత చెప్పించబోతున్నారు. డోసేజ్ కాంపెన్సేషన్ అనేది, మనం మోతాదు సర్దుబాటు అని చెప్పుకోదగిన ఆ ప్రక్రియ, ఒకే వయసు గల మగ, ఆడల మధ్య నిష్పత్తికి సంబంధించినది. ప్యూపాలో ఎంజైము పడిపోవడం వికాసక్రమానికి సంబంధించినది, అంటే ఒకే జీవిలో కాలంతోపాటు మారే మట్టానికి సంబంధించినది. మట్టం పడిపోయినా నిష్పత్తి చెక్కుచెదరకుండా ఉండవచ్చు. జోడెద్దుల నాగలి ఒక పూటలో దున్నే చెక్కను ఒంటెద్దు కూడా అదే పూటలో దున్నుతున్నదంటే ఆ ఒంటెద్దు రెట్టింపు బలంతో లాగుతున్నదని అర్థం; ఏ రోజు దున్నాలో, ఎంత లోతు దున్నాలో, ఎప్పుడు నాగలి విప్పాలో రైతు చేతిలో ఉంటుంది. ప్యూపాలో రైతు నాగలి విప్పాడు. ఒంటెద్దు బలం తగ్గిందని అందులో ఎక్కడా లేదు.

ఇక లార్వాలలో వచ్చిన సమానత్వం సంగతి. మగ ఈగలో ఎక్స్ ఒకటే, ఆడదానిలో రెండు. జీ6పీడీ జన్యువు మగదానిలో ఒక్క కాపీ, ఆడదానిలో రెండు కాపీలు ఉండి కూడా ఎంజైము సమానంగా వచ్చిందంటే సర్దుబాటు జరిగినట్లే తోస్తుంది. అయితే ఏడీహెచ్ కూడా సమానంగానే వచ్చింది కదా. దాని జన్యువు ఇద్దరిలోనూ రెండేసి కాపీలు ఉంది కాబట్టి అక్కడ సర్దుబాటుకు పనే లేదు. మీ పట్టికలో ఈ రెండు సమానత్వాలూ పక్కపక్కన ఒకే తీరుగా కనిపిస్తున్నాయి, వాటి వెనుక కారణాలు మాత్రం పూర్తిగా వేరు. పైగా ఆ ఎంజైము ఎంత తయారు కావాలో జన్యువు కాపీల సంఖ్యతో నిమిత్తం లేకుండా కణమే మరో విధంగా నిర్ణయిస్తున్నదేమో అని పరీక్షకుడు అడిగితే, మీ దగ్గరున్న కొలతలతో జవాబు చెప్పలేరు.

ఈ చిక్కును జన్యుశాస్త్రవేత్త హెర్మన్ మల్లర్ 1930 దశకం మొదట్లోనే చూశాడు, డోసేజ్ కాంపెన్సేషన్ అనే పేరు కూడా ఆయన పెట్టినదే. ఆయన ఎంజైములు కొలవలేదు, కంటి రంగు చూశాడు. ఎక్స్ మీది వైట్ జన్యువుకు ఏప్రికాట్ అనే బలహీన రూపం ఒకటి ఉంది. దాని వల్ల కన్ను ఎర్రగా కాక లేత నారింజ వన్నెలో ఉంటుంది. ఈ రూపం ఒక్క కాపీ ఉన్న మగ ఈగ, రెండు కాపీలున్న ఆడ ఈగ దాదాపు ఒకే వన్నెలో ఉంటాయి. అంతటితో ఆగి ఉంటే ఆయన కూడా మీరున్న చోటే ఉండేవాడు. కానీ ఆయన ఒకే లింగంలో కాపీల సంఖ్యను మార్చి చూశాడు. ఆడదానిలో ఒక కాపీని తొలగిస్తే వన్నె పలచబడింది, మగదానికి అదనంగా ఒక కాపీని చేర్చితే వన్నె చిక్కబడింది. అంటే జన్యువు కాపీల సంఖ్యను లెక్కచేస్తూనే ఉంది; లింగానికీ లింగానికీ మధ్య మాత్రమే తేడా చెరిగిపోతున్నది. ఈ రెండు గమనింపులూ కలిస్తేనే మోతాదు సర్దుబాటు రుజువైనట్లు. ఒకటి లేకపోతే రెండోదానికి విలువ లేదు. 1960 దశకంలో జీ6పీడీ, 6-ఫాస్ఫోగ్లూకోనేట్ డీహైడ్రోజినేజ్ ఎంజైముల మీద పనిచేసిన వారు కూడా ఎక్స్ ముక్కలు అదనంగా ఉన్న ఈగలను వాడి ఇదే తర్కాన్ని అనుసరించారు.

మీకు అదనపు ముక్కలున్న ఈగలు అక్కరలేదు, ఒకే ఒక స్టాకుతో, అంటే ప్రయోగశాలలో పెంచే ఒక ఈగల వంశంతో, పని జరుగుతుంది. జీ6పీడీ జన్యువుకు ఎంజైమును అసలే తయారుచేయలేని రూపం, నల్ అల్లీల్ అని మనం పిలిచేది, ఉంది. ఆ ఈగలు బ్రతుకుతాయి, పిల్లలను కంటాయి. అటువంటి మగ ఈగలను మామూలు కన్య ఆడ ఈగలతో కలపండి. కొడుకులకు ఎక్స్ తల్లి నుంచే వస్తుంది కాబట్టి వారిలో పనిచేసే కాపీ ఒకటి. కూతుళ్లకు తల్లి నుంచి పనిచేసేది, తండ్రి నుంచి పనిచేయనిది వస్తాయి కాబట్టి వారిలోనూ పనిచేసే కాపీ ఒకటే. ఇప్పుడు కొలవండి. కొడుకులలో మామూలు ఆడ ఈగలో ఉన్నంత ఎంజైము ఉంటుంది, కూతుళ్లలో దానిలో సుమారు సగమే ఉంటుంది. ఇద్దరిలోనూ ఒక్కొక్క కాపీయే ఉన్నా కొడుకు కాపీ కూతురి కాపీకి రెట్టింపు పని చేస్తున్నదనడానికి ఇంతకంటే సూటిగా చూపించగల ప్రయోగం డిగ్రీ కళాశాల స్థాయిలో నాకు తెలియదు. ఏడీహెచ్‌కు కూడా నల్ స్టాకులున్నాయి. వాటితో ఇదే విధంగా కలిపితే కొడుకులలోనూ కూతుళ్లలోనూ సగం సగమే వస్తుంది, ఎందుకంటే రెండో క్రోమోజోముకు ఈ సర్దుబాటు లేదు. ఇది మీకు మంచి కంట్రోల్ అవుతుంది. స్టాకుల కోసం మైసూరు విశ్వవిద్యాలయంలోని డ్రోసోఫిలా స్టాక్ సెంటర్‌కు మీ గైడు సంతకంతో రాసి చూడండి. కన్య ఈగలను 25 డిగ్రీల దగ్గర అయితే ప్యూపా నుంచి వెలువడిన 8 గంటల లోపల వేరుచేయాలన్నది మీకు తెలిసే ఉంటుంది.

కొలతలో ఒక మోసం ఉంది, దాన్ని నేను చాలా ఏళ్లు గమనించలేదు. జీ6పీడీ చర్యలో ఎన్‌ఏడీపీ అనే సహాయక అణువు కాస్తా ఎన్‌ఏడీపీహెచ్ అవుతుంది, 340 నానోమీటర్ల దగ్గర కాంతిశోషణ పెరుగుదలను మనం చదువుకుంటాం. అయితే ఆ చర్యలో పుట్టిన పదార్థమే కాసేపట్లో 6-ఫాస్ఫోగ్లూకోనేట్‌గా మారుతుంది. ఈగలను నూరి తీసిన ముడి సారంలో దాని మీద పనిచేసే డీహైడ్రోజినేజ్ ఎటూ ఉంటుంది. అది రెండో ఎన్‌ఏడీపీహెచ్‌ను పుట్టిస్తుంది. అంటే మీరు జీ6పీడీ అనుకుని చదివిన అంకెలో కొంత భాగం దాని తోబుట్టువుది. గ్లూకోజ్-6-ఫాస్ఫేట్, 6-ఫాస్ఫోగ్లూకోనేట్ రెండూ కలిపి ఒకసారి, 6-ఫాస్ఫోగ్లూకోనేట్ ఒక్కటే వేసి మరొకసారి చదివి, మొదటి దానిలోంచి రెండోదాన్ని తీసివేస్తే అసలు లెక్క తేలుతుంది. రెండు జన్యువులూ ఎక్స్ మీదే ఉన్నందువల్ల మామూలు మగ, ఆడల నిష్పత్తి దీనితో అంతగా చెడదు గానీ, నేను పైన చెప్పిన నల్ సంకరంలో ఈ తీసివేత చేయకపోతే సగం రావలసినది సగంగా రాదు.

ప్రౌఢ ఈగల విషయంలో మీరు పడిన పొరపాటు నేనూ పడ్డాను, కాకపోతే ఎదురు దిక్కున పడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఐదు రోజుల వయసు ఈగలను నూరి, ప్రోటీను మిల్లీగ్రాముకు లెక్కగట్టి, మగవాటిలో జీ6పీడీ ఎక్కువగా వచ్చిందని చూసి, తరగతిలో బోర్డు మీద అతి సర్దుబాటు అని రాసి మరీ వివరించాను. ఆడ ఈగ పొట్టలో సగం అండాశయాలే ఉంటాయని, అవి పచ్చసొన ప్రోటీనుతో నిండి ఉంటాయని, ఆ ప్రోటీను నా భిన్నంలో హారాన్ని పెంచి ఆడదాని అంకెను కిందికి లాగిందని ఆ రోజు తట్టలేదు. మీరు ఈగకు ఇంత అని లెక్కగట్టారు, ఆడ ఈగ శరీరమే పెద్దది కాబట్టి మీకు ఆడదానిలో ఎక్కువ వచ్చింది. రెండు లెక్కలూ పనికిరావు. ఎక్స్ మీది ఎంజైమును ఎక్స్ మీద లేని మరో ఎంజైముతో, అదే సారంలో, అదే రోజు కొలిచి భాగించడమే సరైన పద్ధతి. ఎన్‌ఏడీపీతో పనిచేసే ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేజ్ ఇందుకు అనువైనది. దాని జన్యువు మూడో క్రోమోజోము మీద ఉంది, కొలిచేదీ అదే 340 దగ్గరే. ఏడీహెచ్‌ను హారంగా వాడవద్దు, కారణం కింద చెబుతాను. ఇంకా మంచిది ఏమిటంటే ప్రౌఢ ఈగలను వదిలి లార్వాలకే పరిమితం కావడం. మూడో దశ లార్వాను బైనాక్యులర్ కింద పెడితే మగదానిలో వెనుక మూడో భాగంలో రెండు పక్కలా తేటగా, గుండ్రంగా వృషణాలు చర్మం గుండా కనిపిస్తాయి, ఆడదానిలో ఆ చోట చిన్న చుక్కలాంటిదే ఉంటుంది. ఒక వారం అభ్యాసంతో చేయి తిరుగుతుంది.

ఇప్పుడు వికాసక్రమం దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. సర్దుబాటు యంత్రాంగం పిండంలో తొలి కొన్ని గంటల్లోనే అమరుతుంది. ఆడ పిండంలో రెండు ఎక్స్‌ల కారణంగా సెక్స్‌లీథల్ అనే జన్యువు పనిచేస్తుంది. దాని ప్రోటీను ఎంఎస్ఎల్-2 అనే మరో ప్రోటీను తయారు కాకుండా ఆపుతుంది. మగ పిండంలో ఆ అడ్డు లేదు కాబట్టి ఎంఎస్ఎల్-2 తయారై, ఎంఎస్ఎల్-1, ఎంఎస్ఎల్-3, ఎంఎల్ఈ, ఎంఓఎఫ్ అనే నాలుగు ప్రోటీన్లతోనూ, రాక్స్-1, రాక్స్-2 అనే రెండు ఆర్‌ఎన్‌ఏలతోనూ కలిసి ఎక్స్ మీద కూర్చుంటుంది. అక్కడ ఎంఓఎఫ్ డీఎన్‌ఏ చుట్టుకొని ఉండే హిస్టోన్-4 అనే ప్రోటీనులోని 16వ లైసీన్‌కు ఎసిటైల్ సమూహాన్ని తగిలిస్తుంది; దానితో క్రోమాటిన్, అంటే ఆ డీఎన్‌ఏ చుట్ట, వదులై అక్కడి జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా వస్తుంది. ఈ ప్రోటీన్లలో ఏది లోపించినా ఆడవి మామూలుగా పెరుగుతాయి, మగవి లార్వా చివరి దశలోనో ప్యూపాలోనో చనిపోతాయి. జాన్ బెలోట్, జాన్ లుకేసీ 1980లో ఎంఎల్ఈ లోపించిన మగ లార్వాలు చనిపోకముందే వాటి ఎంజైములు కొలిచి, ఎక్స్ మీది ఎంజైములు తగ్గాయని, ఇతర క్రోమోజోముల మీదివి తగ్గలేదని చూపించారు. మీరు వాడుతున్న కొలబద్దే ఈ యంత్రాంగాన్ని కనుగొనడానికి దారి చూపిందన్న మాట.

ఈ యంత్రాంగం మగ శరీర కణాలలో ఎక్స్ మీద ఒకసారి కూర్చున్నాక ప్రౌఢ దశలోనూ ఉంటుంది. అది ఏ జన్యువునూ తెరవదు, మూయదు. ఏదైనా జన్యువు తెరుచుకుంటే దాని ఉత్పత్తిని సుమారు రెట్టింపు చేస్తుంది, అంతే. తెరవడం, మూయడం ఆ జన్యువు పక్కనున్న నియంత్రక భాగాల పని. ఏడీహెచ్‌నే చూడండి. ఆ జన్యువుకు రెండు ప్రమోటర్లున్నాయి, అంటే జన్యువును చదవడం మొదలయ్యే చోట్లు. లార్వాలో జన్యువుకు దగ్గరున్నది పనిచేస్తుంది, ప్రౌఢ ఈగలో దూరంగా ఉన్నది పనిచేస్తుంది, మధ్యలో ప్యూపా దశలో ఎంజైము మట్టం పడిపోతుంది. ఎక్స్‌తో సంబంధమే లేని ఏడీహెచ్ కూడా మీ పట్టికలో ప్యూపా దగ్గర పడిపోయింది కదా. ప్యూపాలో తగ్గుదలకు మోతాదు సర్దుబాటు కారణం కాదనడానికి మీ సొంత పట్టికే సాక్ష్యం. జీ6పీడీ లార్వాలో ఎక్కువగా ఉండటానికి కారణం వేరే ఉంది. లార్వా తిండి తిని కొవ్వు కూడబెట్టుకునే దశ, కొవ్వు తయారీకి ఎన్‌ఏడీపీహెచ్ కావాలి, దాన్ని సమకూర్చే ఎంజైములలో ఇది ముఖ్యమైనది. తిండి ఆగిన ప్యూపాలో దాని అవసరం పడిపోతుంది.

జన్యువు మోతాదు సర్దుబాటును చేరిన ఊరి నుంచి తెచ్చుకుంటుందని చూపిన ప్రయోగం ఒకటి ఉంది. మూడో క్రోమోజోము మీది రోజీ జన్యువు జాంతీన్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమును తయారుచేస్తుంది. అలన్ స్ప్రాడ్లింగ్, జెరాల్డ్ రూబిన్ 1983లో దాన్ని పీ-ఎలిమెంట్ అనే, క్రోమోజోముల మీద చోటు మారగల డీఎన్‌ఏ ముక్క సాయంతో వేర్వేరు చోట్ల నాటినప్పుడు, ఎక్స్ మీదికి చేరిన కాపీలు మగవాటిలో ఎక్కువగా పనిచేయడం మొదలుపెట్టాయి, అంటే కొంత మేరకైనా సర్దుబాటుకు లోనయ్యాయి.

దీనికి అడ్డంగా నిలిచే జన్యువు కూడా ఒకటి ఉంది, వైవాలో దాన్ని ప్రస్తావిస్తే పరీక్షకుడు తల ఎత్తి చూస్తాడు. మూడో దశ లార్వా కొవ్వు కణజాలం తయారుచేసి రక్తంలోకి వదిలే నిల్వ ప్రోటీన్లలో ఎల్‌ఎస్‌పీ-1 ఆల్ఫా అనేది ఉంది. దాని జన్యువు ఎక్స్ మీదే ఉంది, కానీ దానికి సర్దుబాటు లేదు. మగ లార్వాలో ఆడదానిలో సగమే తయారవుతుంది. దాని ఇరుపక్కలా ఉన్న జన్యువులకు మాత్రం సర్దుబాటు ఉంది. అదే జన్యువును ఎక్స్ మీదే మరో చోటికి మార్చి నాటితే దానికీ సర్దుబాటు వచ్చింది. కాబట్టి లోపం జన్యువుది కాదు, కూర్చున్న చోటిది. జన్యువు ఎక్స్ మీద ఉంది కాబట్టి సర్దుబాటు ఉండి తీరుతుందని రాసే వాక్యం మీ థీసిస్‌లో ఎక్కడైనా ఉంటే తీసేయండి. అట్లాగే రెట్టింపు అనే మాటను ప్రతిచోటా ఖచ్చితమైన అంకెగా వాడవద్దు. ఎంఎస్ఎల్ సముదాయాన్ని తొలగించిన కణాలలో ఎక్స్ ఉత్పత్తి సగానికి పడిపోదు, అంతకంటే తక్కువే తగ్గుతుంది. ఒక్క కాపీ మాత్రమే మిగిలిన జన్యువు ఏ క్రోమోజోము మీదున్నా కొంతవరకు తనంతట తాను పుంజుకునే గుణం కణానికి ఉంది, మిగిలిన వాటా దానిదే.

మన ప్రాంతంలో ఈగలు పెంచేవారు గుర్తుంచుకోవలసిన విషయాలు కొన్ని. మే నెలలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, 30 డిగ్రీలు దాటితేనే ఈ జాతి మగవి వంధ్యమవుతాయి. ఇంక్యుబేటర్ ఉన్నా కరెంటు పోతే రెండు గంటల్లో సంకరాలన్నీ పోతాయి. నేను మట్టి రంజనులో తడి ఇసుక పోసి మధ్యలో సీసాలు దించి, పైన తడిపిన గోనె కప్పి రెండు వేసవులు నెట్టుకొచ్చాను. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అది పనిచేస్తుంది, బూజు పట్టకుండా మేతలో ప్రొపియోనిక్ ఆసిడ్ మాత్రం కొలత తప్పకుండా వేయాలి. మేత గురించి మరో మాట. మనం బొంబాయి రవ్వ, బెల్లం, అగర్‌తో వండుతాం. మేతలో చక్కెర పెరిగితే లార్వాలో జీ6పీడీ పెరుగుతుంది. ఈస్టు పులిసి ఆల్కహాలు చేరితే ఏడీహెచ్ పెరుగుతుంది. హారంగా దాన్ని వద్దన్నది అందుకే. ఒక్కో వారం ఒక్కో దుకాణం బెల్లంతో వండి వారాల మధ్య అంకెలు పోల్చితే మీరు కొలిచేది బెల్లాన్నే. మొత్తం ప్రయోగానికి సరిపడా ఒకే దిమ్మ కొని పెట్టుకోండి, సీసాకు 50 గుడ్ల కంటే ఎక్కువ వేయకండి.

బత్తాయి రాశుల మీదనుంచి, బాలానగర్ సీతాఫలాల మీదనుంచి పట్టిన ఈగలను ఈ పనికి వాడవద్దు. మన దగ్గర డ్రోసోఫిలా అననాసే జాతి వాటితో కలిసి వస్తుంది. మెలనోగాస్టర్ మగదానికి పొట్ట కొన నల్లగా ఉంటుంది, అననాసే మగదానికి ఉండదు. ఆడవాటిని వేరుచేయడం అంత సులువు కాదు. రైతులు పండు ఈగ అని మందు కొట్టే బ్యాక్ట్రోసెరా వేరే కుటుంబానికి చెందినది, దానితో మీకు పని లేదు.

వయసు సరిపోల్చే పద్ధతి కూడా మార్చండి. గుడ్డు పెట్టినప్పటి నుంచి గంటలు లెక్కపెట్టడం చాలదు, ఎందుకంటే ఆడవి మగవాటి కంటే కొన్ని గంటలు ముందే ఎదుగుతాయి, మూడో దశ చివరి రోజున ఎంజైముల మట్టం గంటగంటకూ మారుతుంది. మేతలో కొద్దిగా బ్రోమోఫినాల్ బ్లూ కలిపి, తిండి మాని గోడ ఎక్కిన లార్వాలలో పేగు నీలం ఖాళీ అయిన వాటినే ఏరుకుంటే మగ, ఆడ ఒకే దశలో ఉన్నట్లు లెక్క.

చివరగా, స్పెక్ట్రోఫోటోమీటరు వరుస దొరకని రోజున చేయదగిన పని ఒకటి ఉంది. కలకత్తాకు చెందిన ఆనంద ముఖర్జీ 1965లో వోల్ఫ్‌గాంగ్ బీర్మన్‌తో కలిసి, ఆర్‌ఎన్‌ఏలో చేరే యురిడిన్‌ను రేడియోధార్మిక రూపంలో ఇచ్చిన లార్వాల లాలాజల గ్రంథులలోని రాక్షస క్రోమోజోములను చూసి, మగదాని ఒంటి ఎక్స్ ఆడదాని రెండు ఎక్స్‌లు కలిసి చేసినంత ఆర్‌ఎన్‌ఏను తయారుచేస్తున్నదని నేరుగా చూపించాడు. సర్దుబాటు జన్యువుల ప్రతిలేఖనం, అంటే వాటి నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీ, దగ్గరే జరుగుతుందని దానితో తేలింది. రేడియోధార్మికత మనకు అందదు గానీ, 18 డిగ్రీల దగ్గర, గుంపు లేని సీసాలో పెంచిన బలిసిన మగ లార్వా గ్రంథిని అసిటో-ఓర్సీన్‌తో రంగు వేసి నలిపితే, ఒంటి ఎక్స్ మిగతా జంట క్రోమోజోముల కంటే పాలిపోయి, ఒంటిదైనా దాదాపు వాటంత వెడల్పుగా ఉబ్బి కనిపిస్తుంది. పక్కనే ఆడ లార్వా స్లైడు పెట్టి రెండింటి ఫోటోలూ ఒకే పెద్దదనంలో తీసి, మీ ఎంజైము పట్టికకు ఎదురు పేజీలో అతికించండి.